థాంక్స్ చెప్పే సాధనాలు: టీమ్ లీడర్‌కి ఏది అక్కరకొస్తుంది?

"బాగా చేశారు" అనడానికి కూడా ఒక యాప్ కావాలా అని అడిగేవాళ్ళ మాటలో సగం న్యాయం ఉంది. నోరు తెరిచి ఒక్క మాట అంటే అయిపోయేదానికి లాగిన్లు, పాస్‌వర్డులు, బ్యాడ్జీలు ఎందుకు? కానీ పదిమంది టీమ్‌ను నడిపే లీడర్, ఎవరి మేలూ మరిచిపోకుండా, ఎవరినీ పక్కన పెట్టకుండా, నెలల తరబడి నోటిమాటతోనే నెట్టుకురావడం కుదిరే పని కాదు. మొదటి రెండు వారాలు ఉత్సాహంగా సాగుతుంది. మూడో వారం డెడ్‌లైన్ మీద పడుతుంది. నాలుగో వారానికి మీటింగుల్లో గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ థాంక్స్ అందదు. అందుకే ఏదో ఒక సాధనం పట్టుకోక తప్పదు.

ఇక్కడ చూసినవి ఐదు రకాలు. పాయింట్లు పంచే బోనస్‌లీ తరహా యాప్, రోజువారీ టాకోలు (టాకో అనే మెక్సికన్ వంటకం బొమ్మలు) పంచే హేటాకో, చాట్‌లో వచ్చే బ్యాడ్జీలు, మెచ్చుకోలు కార్డులు వేసే కుడో పెట్టె, చివరగా ఏ కంపెనీ పేరూ లేని ఖాళీ అట్టలు, వాటికి తోడు ఒక జేబు పుస్తకం. అన్నిటికీ కొలబద్ద ఒక్కటే: రాసేవాళ్ళ చేత ఆ సాధనం ఎంత వివరం రాయిస్తుంది? వేగం, అందం, రంగురంగుల రిపోర్టులు ఆ తర్వాతి సంగతి.

వివరానికి అంత పట్టింపు ఎందుకో ఈ రెండు మెసేజ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మొదటిది: "గ్రేట్ జాబ్ టీమ్, థాంక్స్ ఆల్." రెండోది: "నిన్న సాయంత్రం బిల్లుల ఫైలులో రెండు కాలమ్‌లు తారుమారైన సంగతి పంపేముందే పట్టుకున్నారు. మూడొందల వరసలు చేత్తో సరిచూడమని ఎవరూ అడగలేదు. అది అలాగే వెళ్ళి ఉంటే ఇవాళంతా కస్టమర్‌కి సంజాయిషీలు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళం. శ్రమ తీసుకున్నారు, థాంక్స్ అండీ."

మొదటిదాన్ని కాపీ చేసి ఏ టీమ్‌కైనా, ఏ నెలలోనైనా పంపవచ్చు. చదివినవాళ్ళకు అది తమ గురించి అనిపించదు. రెండోదాంట్లో మూడు ముక్కలున్నాయి. చేసిన పని ఏమిటి, దానికి వాళ్ళు పడ్డ పాట్లు ఏమిటి, దానివల్ల ఏం కలిసొచ్చింది. ఎక్కువమంది మొదటి ముక్కా మూడో ముక్కా రాసి, నడిమిదాన్ని వదిలేస్తారు. నిజానికి మనసుకు తగిలేది అదే. తెలుగులో దానికి మాట కూడా సిద్ధంగా ఉంది: "శ్రమ తీసుకున్నారు". ఆ రెండు పదాలు రాశాక, ఏం శ్రమ అనేది కూడా రాయాల్సి వస్తుంది, తప్పించుకోవడం కష్టం.

ఇంకో సంగతి. "ధన్యవాదములు" అని రాస్తే సభ చివర వందన సమర్పణలా ఉంటుంది. రోజూ కలిసి పనిచేసేవాళ్ళకు "థాంక్స్ అండీ" చాలు. రోజూ నువ్వు అని పిలిచే మనిషికి థాంక్స్ రాసేటప్పుడు మాత్రం హఠాత్తుగా "మీరు" అని ఎత్తుకుంటే, కొంపదీసి ఏదైనా మునిగిందా అని కంగారు పడతారు. పిలుపు మార్చకూడదు.

థాంక్స్‌లో లీడర్‌కి దక్కిన లాభం ఎంత, అవతలి మనిషి గొప్పతనం ఎంత అనే లెక్క కూడా ఉంది. సారా ఆల్గో, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో జంటలు ఒకరికొకరు థాంక్స్ చెప్పుకునే తీరును గమనించారు. "నాకు ఎంత హాయిగా ఉందో" అని తన లాభం చెప్పుకోవడం కంటే, ఎదుటివారు చేసినదాన్ని మెచ్చుకున్న మాటలే విన్నవాళ్ళకు బాగా తగిలాయి. ఆఫీసు కాపురం కాదు గానీ, ఈ సూత్రం ఇక్కడికీ సరిపోతుంది. "మీవల్ల నా రిపోర్టు టైముకి వెళ్ళింది" కంటే "ఆ తేడాను అంత ఓపికగా వెతికింది మీరే" అన్నది మేలు.

ఇక సాధనాలు.

పాయింట్ల యాప్

బోనస్‌లీ లాంటివాటి నడక ఇలా ఉంటుంది. నెల మొదట్లో ప్రతి ఉద్యోగికీ పంచిపెట్టడానికి కొన్ని పాయింట్లు వస్తాయి. ఎవరికి ఇవ్వాలో వాళ్ళ పేరు, ప్లస్ గుర్తుతో ఒక అంకె, కారణం, సంస్థ విలువలను సూచించే ఒక హ్యాష్‌ట్యాగ్ రాసి పంపితే అది అందరికీ కనిపించే ఫీడ్‌లో పడుతుంది. పంచకుండా మిగిలినవి నెలాఖరుకు మురిగిపోతాయి. అందుకున్నవి పోగుపడతాయి, వాటితో గిఫ్ట్ కార్డుల్లాంటివి తీసుకోవచ్చు.

దీని అసలు బలం పాయింట్లలో లేదు, ఫీడ్‌లో ఉంది. లీడర్ కంటపడని సహాయాలు సహోద్యోగుల కంటపడతాయి. కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని గంటసేపు సిస్టమ్ నేర్పించిన మనిషి గురించి లీడర్‌కి ఎవరూ వచ్చి చెప్పరు, ఫీడ్‌లో మాత్రం రాస్తారు. శుక్రవారం పది నిమిషాలు కూర్చుని వారం ఫీడ్ మొత్తం చదివే లీడర్‌కి ఈ యాప్ పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తుంది. చదవని లీడర్‌కి ఇది పెద్ద దండగ.

చెడేది మూడు చోట్ల. మొదటిది నెలాఖరు వరద. మురిగిపోయే పాయింట్లు కాబట్టి చివరి రెండు రోజుల్లో జనం ఉన్నవన్నీ కుమ్మరిస్తారు. "ఆల్వేస్ హెల్ప్‌ఫుల్" అనే ఒకే వాక్యం పదిమందికి వెళుతుంది. రెండోది ఇచ్చిపుచ్చుకోవడం: నువ్వు నాకు ఇరవై, నేను నీకు ఇరవై. ఒకే ఇద్దరి మధ్య నెలనెలా సరిసమానంగా తిరిగే అంకెలను చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. మూడోది అన్నిటికంటే చిక్కు. అంకె రాయగానే ధర కట్టినట్టవుతుంది. రాత్రంతా సర్వర్ దగ్గర కూర్చున్నవారికి యాభై, పుట్టినరోజు కేకు తెచ్చినవారికి నలభై పడితే, మొదటి మనిషి ఆ పది తేడాను చూసి నొచ్చుకుంటాడు. అసలేమీ ఇవ్వకపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

దీని వెనకున్న మానసిక సూత్రం పాతదే. ఎడ్వర్డ్ డెసి 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో, పజిల్స్ విప్పినందుకు డబ్బు అందుకున్న విద్యార్థులు ఆ డబ్బు ఆగాక వాటి మీద ఆసక్తి తగ్గించుకున్నారు. నోటిమాటగా మెచ్చుకున్నవాళ్ళలో ఆ తగ్గుదల కనబడలేదు. పాయింట్ల యాప్ ఈ రెంటినీ ఒకే పెట్టెలో కలిపేస్తుంది. మెప్పు వైపు మొగ్గేలా చూసుకునే బాధ్యత లీడర్ మీదే పడుతుంది.

కంపెనీ ఈ యాప్‌ను ఎలాగూ కొనేసి ఉంటే, నష్టం తగ్గించే పద్ధతులున్నాయి. టీమ్ అంతా ఒకే అంకెకు కట్టుబడాలి. ఏ మేలుకైనా పదే అనుకుంటే పదే. అప్పుడు అంకెకు అర్థం పోయి, వాక్యానికి విలువ వస్తుంది. నెలకొచ్చే పాయింట్లలో నాలుగో వంతు చొప్పున వారంవారం ఖర్చు పెట్టేస్తే చివర్లో వరద ఉండదు. లీడర్ తన వాటాలో కనీసం సగం సొంత టీమ్ బయటికి పంపాలి: హెల్ప్‌డెస్క్‌కి, అకౌంట్స్‌కి, పక్క టీమ్‌లో అడిగిన వెంటనే డేటా తీసి ఇచ్చిన మనిషికి. హ్యాష్‌ట్యాగ్‌లో ఏ విలువ పెట్టాలా అని ఐదు నిమిషాలు తల గోక్కోనక్కరలేదు, ఏదో ఒకటి పెట్టి వదిలేయండి.

టాకోలు, బ్యాడ్జీలు

హేటాకోలో ప్రతి మనిషికీ రోజుకు ఐదు టాకోలు. చాట్ మెసేజ్‌లో పేరు పెట్టి టాకో బొమ్మ జోడిస్తే చేరిపోతుంది. తనకు తాను ఇచ్చుకోవడం కుదరదు. ఎవరికి ఎన్ని వచ్చాయో చూపించే లీడర్‌బోర్డు ఉంటుంది.

థాంక్స్ అనే మాటే వినిపించని టీమ్‌లో మొదటి నెలకు ఇది మంచి చిట్కా. సరదాగా ఉంటుంది, మొహమాటం విరుగుతుంది, నేర్చుకోవాల్సిందేమీ లేదు. కానీ రోజుకు ఐదు అన్నప్పుడే సమస్య మొదలవుతుంది. నిజంగా చెప్పుకోదగ్గ మేలు ఒక మనిషికి రోజుకు ఐదుసార్లు జరగదు. అందుకని ఫైల్ పంపినందుకు ఒకటి, మీటింగ్ లింక్ ఇచ్చినందుకు ఒకటి, జోకు వేసినందుకు ఒకటి. రెండో నెలకు టాకో అంటే "చూశాను" అని పెట్టే బొటనవేలి బొమ్మతో సమానమైపోతుంది. లీడర్‌బోర్డును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మీటింగులో తెర మీద పెట్టకూడదు. చాట్‌లో ఎక్కువసేపు ఉండేవాళ్ళే పైన ఉంటారు. నైట్ షిఫ్ట్ వాళ్ళు, తలవంచుకుని పని చేసుకుపోయేవాళ్ళు అడుగున కనిపిస్తారు. పని ఒకటైతే పట్టిక ఇంకోటి చెబుతుంది.

ఇంకొక ఇబ్బంది సందర్భానిది. ఇంట్లో కష్టం వచ్చి వారం సెలవు పెట్టిన సహోద్యోగి పనంతా ఒకరు భుజాన వేసుకున్నారనుకుందాం. అందుకు టాకో బొమ్మ పంపడం అభాసు. అలాంటి వాటికి వేరే దారి చూసుకోవాలి.

చాట్ యాప్‌లలో దొరికే బ్యాడ్జీల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ప్రెయిజ్ పేరుతో వచ్చినది ఈ తరహాదే: బొమ్మ ఎంచుకుని, పేరు పెట్టి, నోట్ రాసి పంపడం. నోట్ గడిని నింపితే బాగానే ఉంటుంది. బొమ్మ బాగుందని ఆ గడిని ఖాళీగా వదిలేస్తేనే తంటా. వర్క్ యానివర్సరీకి సాఫ్ట్‌వేర్ తనంతట తాను పంపే శుభాకాంక్షలు కూడా ఈ కోవలోవే. వాటికి థాంక్స్ అనే పేరు తగదు. కృత్రిమ మేధ చేత రాయించిన మెచ్చుకోళ్ళు చూడడానికి నున్నగా ఉంటాయి. వాటిలో మూడొందల వరసలు సరిచూసిన సంగతి ఉండదు, ఎందుకంటే అది రాయించినవారికే గుర్తుండదు. ఆ వివరం తెలిసిన లీడర్ సొంతంగా రాసేసుకోగలడు.

కుడో పెట్టె

మేనేజ్‌మెంట్ 3.0 అనే టీమ్ నిర్వహణ విధానం ద్వారా, దాన్ని రూపొందించిన యుర్గెన్ అపెలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అందరూ తిరిగే చోట ఒక పెట్టె, పక్కనే చిన్న కార్డులు. ఎవరైనా ఎవరి గురించైనా రాసి వేయవచ్చు. వాటిని తర్వాత తీసి చదువుతారు, గోడకు అతికిస్తారు. అట్టపెట్టెకు చీలిక పెట్టుకుంటే సరిపోతుంది కాబట్టి ఖర్చు దాదాపు లేదు.

బాగా నడవాలంటే కొన్ని నియమాలు ముందే పెట్టుకోవాలి. రాసినవారి పేరు తప్పనిసరి. పేరు లేకుండా వేయనిస్తే మూడో వారానికి ఎత్తిపొడుపులు మొదలవుతాయి, "మీటింగుకి టైముకి వచ్చినందుకు ప్రత్యేక కృతజ్ఞతలు" లాంటివి. పెట్టెను లీడర్ ముందుగా ఒంటరిగా తెరిచి ఓసారి చూసుకోవాలి. వారానికి ఒక రోజు, స్టాండప్ మీటింగ్ చివర, ఐదు నిమిషాలకు మించకుండా చదవాలి. కార్డులు రెండే ఉంటే రెండే చదవాలి. ఒక్కటీ లేకపోతే ఊరుకోవాలి. అప్పటికప్పుడు "ఎవరైనా ఎవరికైనా థాంక్స్ చెప్పండి" అని గుండ్రంగా నిలబెట్టి అడిగితే, జనం నేల చూపులు చూసి, పక్కనున్న మనిషికి ఏదో ఒకటి అనేసి బయటపడతారు.

కార్డు గడి మరీ చిన్నదిగా ముద్రించడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. రెండు వరసల చోటిస్తే "థాంక్స్ ఫర్ సపోర్ట్" అనే రాస్తారు. కనీసం ఆరు వరసలు కావాలి. పైన సన్నటి అక్షరాలతో "ఏం చేశారు? ఏం శ్రమ పడ్డారు? ఏం కలిసొచ్చింది?" అని ముద్రిస్తే రాత తేడా వెంటనే కనబడుతుంది. వేర్వేరు ఊళ్ళ నుంచి పనిచేసే టీమ్‌కి ఈ పెట్టె పనికిరాదు. ఆన్‌లైన్ బోర్డులో కార్డులు పెట్టుకోవచ్చు గానీ, దారిన పోతూ పెట్టెను చూసి గుర్తొచ్చి రాసే అలవాటు అక్కడ రాదు.

ఖాళీ అట్ట, జేబు పుస్తకం

ఐదింటిలో మొదటి చోటు దీనిదే. ఆకర్షణ ఏమీ లేదు, రిపోర్టు రాదు, పైవాళ్ళకు చూపించుకోవడానికీ ఏమీ ఉండదు. అందుకే మేలు చేస్తుంది.

కొనాల్సింది ఇదీ. 3×5 అంగుళాల అట్టలు, ఏ ముద్రణా లేనివి, నున్నటి పూత లేనివి. మందం 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అనే లెక్క) చుట్టూ ఉంటే బల్ల మీద వంగిపోకుండా ఉంటుంది. మామూలు ప్రింటర్ కాగితం 80 జీఎస్ఎమ్, అది చీటీలా అనిపిస్తుంది. పూత ఉన్న అట్ట మీద జెల్ పెన్ను సిరా తొందరగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. బాల్‌పెన్ అయితే ఆ బాధ లేదు. ముందే పెద్ద అక్షరాలతో "థాంక్యూ" అని, లోపల నాలుగు పద్యపాదాలు అచ్చేసిన కార్డులు కొనవద్దు. చెప్పాల్సింది కార్డే చెప్పేసిందనిపించి, కింద సంతకం పెట్టి ఇచ్చేస్తారు.

3×5 అట్ట మీద చేత్తో తెలుగు రాస్తే ఎనిమిది తొమ్మిది వరసలు, నలభై మాటల దాకా పడతాయి. పైన రాసిన బిల్లుల ఫైలు మెసేజ్ సరిగ్గా పడుతుంది. ఇంతకంటే పెద్ద కార్డు తీసుకుంటే మిగిలిన ఖాళీ చోటును చూసి భయమేసి, "మీ ఉజ్వల భవిష్యత్తును ఆకాంక్షిస్తూ" లాంటి వాక్యాలు చేర్చబుద్ధవుతుంది.

పుస్తకం సంగతి. జేబులో పట్టేది ఏదైనా సరే. ఎడమ పేజీలో నిలువుగా పేర్లు, అడ్డంగా పదమూడు గడులు, అంటే మూడు నెలల వారాలు. నోటితో చెబితే న, అట్ట రాసిస్తే అ, నలుగురిలో బహిరంగంగా చెబితే బ. కుడి పేజీలో తేదీ, పేరు, పని, మూడూ కలిపి ఒక్క వరసలో: "14, సుజాత, బిల్లుల ఫైలులో కాలమ్‌ల తేడా పట్టుకోవడం". సాయంత్రం సిస్టమ్ మూసేముందు మూడు నిమిషాలు దీనికి. అట్టలు రాయడానికి వారానికి పదిహేను నిమిషాలు, రోజు ముందే నిర్ణయించుకుని. శుక్రవారం సాయంత్రం వద్దు, అది ఎప్పుడూ జారిపోతుంది.

వారానికి రెండు అట్టలు చాలు. పదిమంది టీమ్‌లో సగటున ఐదు వారాలకొకసారి ఒక్కొక్కరికి అందుతుంది. మూడు నెలల్లో ఇరవై ఆరు. ఇంతకంటే వేగంగా రాయాలని పూనుకుంటే పని కల్పించుకుని మెచ్చుకోవాల్సి వస్తుంది. సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చేసిన ఆరు వారాల అధ్యయనంలో కూడా, తమకు దక్కిన మంచిని వారానికోసారి తలచుకుని రాసినవాళ్ళకే మేలు కనబడింది. వారానికి మూడుసార్లు రాసినవాళ్ళలో ఆ మేలు కనబడలేదు. క్యాంప్‌బెల్ సూప్ కంపెనీకి 2001 నుంచి 2011 దాకా సీఈఓగా ఉన్న డగ్ కొనాంట్ రోజుకు పది నుంచి ఇరవై చేతిరాత నోట్లు రాసేవాడని, అవి మొత్తం 30,000 దాకా అయ్యాయని చెబుతారు. అంతపెద్ద కంపెనీకి అది సరిపోయింది, పదిమంది లీడర్‌కి ఆ లెక్క నమూనా కాదు. అయితే ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఎవరు ఏం మేలు చేశారో ఏరుకోవడానికి ఆయన రోజూ వేరుగా సమయం పెట్టేవాడు. రాయడం తేలిక, ఏరుకోవడమే కష్టం.

ఏరుకోవడానికి అన్నిటికంటే బాగా పనిచేసే ప్రశ్న ఇది. విడివిడిగా మాట్లాడే మీటింగు చివర, "ఈ వారం నీ పని ఎవరివల్ల తేలికైంది?" అని అడగాలి. మొదటిసారి "అందరూ బానే సాయం చేస్తారండీ" అంటారు. రెండో వారం కూడా అదే ప్రశ్న వస్తుందని తెలిశాక పేరు చెబుతారు, సందర్భం చెబుతారు. చెప్పినవారి అనుమతితో ఆ మాటను అవతలివారికి చేరవేస్తే, లీడర్ నేరుగా మెచ్చుకున్నదానికంటే బరువుగా ఉంటుంది. లీడర్ పైనుంచి చూసి ఇచ్చింది కాదు, పక్కనే పనిచేసేవారు చెబితే వచ్చిన మెప్పు కదా.

ఎడమ పేజీలో ఒక పేరు ఎదురుగా వరసగా మూడు గడులు ఖాళీగా ఉంటే, గడి నింపడానికి థాంక్స్ కల్పించకూడదు. ఆ మనిషి ఏం చేస్తున్నారో లీడర్‌కి తెలియడం లేదని దాని అర్థం. వెళ్ళి పక్కన కూర్చుని పని చూడాలి. తరచుగా బయటపడేది ఏమిటంటే, ఆ మనిషి పని సమస్యలు రాకుండా చూడడం. బ్యాకప్ సరిగ్గా తీసినందువల్ల ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. మంటలార్పినవారికే థాంక్స్ చెప్పే టీమ్‌లో కొన్నాళ్ళకు మంటలు పెరుగుతాయి.

కుడి పేజీకి మరో ఉపయోగం అప్రైజల్ సమయంలో తెలుస్తుంది. సంవత్సరం చివర కూర్చుంటే చివరి రెండు నెలలే గుర్తుంటాయి. తేదీలతో సహా వరసలు చేతిలో ఉంటే తొలి నెలల్లో చేసిన పని కూడా లెక్కలోకి వస్తుంది. ఆ మేరకు ఈ పుస్తకం డబ్బు రూపంలో కూడా మనుషులకు మేలు చేస్తుంది. పెంచాల్సిన జీతం పెంచకుండా అట్ట రాసిస్తే మాత్రం ఆ అట్ట చెత్తబుట్టకే వెళుతుంది, వెళ్ళాలి కూడా.

ఏ సాధనమూ సరిదిద్దలేనివి

అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది థాంక్స్ వెనకే వచ్చే పని. "నిన్న చాలా బాగా హ్యాండిల్ చేశారు, అన్నట్టు ఈ శనివారం కూడా కాస్త చూస్తారా?" ఇది నాలుగైదుసార్లు జరిగితే, ఆ తర్వాత లీడర్ థాంక్స్ అనగానే అవతలివాళ్ళు ఊపిరి బిగబట్టి "ఇప్పుడేం అడుగుతాడో" అని చూస్తారు. ఒకే రోజు ఒకే మనిషికి థాంక్స్, కొత్త పని రెండూ ఇవ్వకూడదు. తప్పనిసరైతే పని ముందు చెప్పి, థాంక్స్ మర్నాటికి ఉంచాలి.

మెచ్చుకుని, మధ్యలో తప్పు చెప్పి, మళ్ళీ మెచ్చుకునే పద్ధతి కూడా ఇలాంటిదే. వినేవాళ్ళకు మధ్యదే చెవిన పడుతుంది, అటూ ఇటూ ఉన్నవి పొట్లం కాగితంలా కనిపిస్తాయి. తప్పు చెప్పాల్సివస్తే తప్పే చెప్పాలి. అట్ట మీద "కానీ" అనే మాట పడిందంటే ఆ అట్ట చించేసి ఇంకోటి తీసుకోవడం మేలు.

నలుగురు చేసిన పనికి ఒకరికి థాంక్స్ చెబితే, మిగతా ముగ్గురితో లీడర్ తగవు కొని తెచ్చుకున్నట్టే. రాసేముందు టికెట్ చరిత్ర (సమస్య ఎవరెవరి చేతులు మారిందో చూపే రికార్డు), ఫైల్ మార్పుల జాబితా, డ్యూటీ పట్టిక, ఏది ఉంటే అది ఒకసారి తెరిచి పేర్లు సరిచూసుకోవాలి. రెండు నిమిషాల పని. పొరపాటు జరిగిందని తర్వాత తెలిస్తే, మొదట చెప్పిన చోటే సరిదిద్దాలి. గ్రూపులో చెప్పి ఉంటే గ్రూపులోనే. విడిగా పిలిచి సర్దిచెబితే చాలదు.

నలుగురిలో పొగిడితే ముడుచుకుపోయేవాళ్ళుంటారు. చేరిన మొదటి నెలలోనే "మీకు థాంక్స్ చెప్పాల్సివస్తే గ్రూపులో చెప్పనా, విడిగా చెప్పనా?" అని ఒక్కసారి అడిగి, పుస్తకంలో పేరు పక్కన చుక్క పెట్టుకుంటే సరి. జీవితాంతం పనికొస్తుంది. రాత్రి మేలుకుని చేసిన పనిని గ్రూపులో పొగిడేటప్పుడు ఇంకో జాగ్రత్త. "రాత్రి రెండింటిదాకా కూర్చున్నారు" అనేది మెచ్చుకోలులో ముఖ్యమైన వాక్యమైతే, టీమ్ మొత్తానికి అదే పాఠం అందుతుంది. మేలుకొన్న సంగతిని విడిగా చెప్పి, ఇక మేలుకోనక్కరలేకుండా ఏం మారుస్తున్నారో కూడా ఆ మనిషికే చెప్పాలి. గ్రూపులో మాత్రం సమస్యకు మూలం ఎలా కనిపెట్టారో చెబితే చాలు.

చివరికి, "మరీ ఇబ్బందిగా ఉంటుందేమో" అనే సంకోచం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కృతజ్ఞత లేఖలు రాసినవాళ్ళు, అందుకున్నవాళ్ళకు కలిగే ఇబ్బందిని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకున్నారు, వాళ్ళ ఆశ్చర్యాన్నీ సంతోషాన్నీ తక్కువగా అంచనా వేశారు. మాటలు పొందికగా కుదరలేదని రాసేవాళ్ళు బాధపడతారు, చదివేవాళ్ళు మాత్రం మనసులోని ఆప్యాయతను చూస్తారు. అందుకని అట్ట మీద కొట్టివేత ఒకటి ఉన్నా ఫర్వాలేదు, తిరగరాయనక్కరలేదు. రెండు రోజులు దాటకుండా అందించడం ముఖ్యం. మనిషి వేరే ఊళ్ళో ఉంటే అట్టను ఫొటో తీసి పంపితే సరిపోతుంది, లేదంటే నలభై సెకన్లకు మించని వాయిస్ మెసేజ్. చేతికి ఇచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి చదివించకుండా, బల్ల మీద పెట్టి వెళ్ళిపోవాలి.

టీమ్ మారుతున్నప్పుడు, లీడర్ వెళ్ళిపోతున్నప్పుడు, ఆ పుస్తకాన్ని యథాతథంగా తర్వాతివారి చేతిలో పెట్టకూడదు. ఎడమ పేజీల్లోని న, అ, బ గుర్తులు చూసి కొత్త లీడర్ ఎవరు మంచి ఎవరు చెడ్డ అని ముందే లెక్కలు కట్టుకుంటాడు. కుడి పేజీల్లోని తేదీలు, పనులు మాత్రం ఒక్కొక్కరివీ వేరుగా ఎత్తిరాసి, ముందు ఆ మనిషికే చూపించి, ఏదైనా మరిచిపోయారేమో అడిగి, అప్పుడు కొత్త లీడర్‌కి ఇవ్వాలి. ఆ అడిగినప్పుడు బయటపడే రెండు మూడు పనులు సాధారణంగా పుస్తకంలో ఉండవు. వాటికి ఆ సాయంత్రమే అట్ట రాసి ఇవ్వచ్చు.